ఫార్ములా వన్‌కు వెళ్ళని రాజు

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుసేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం జరిగింది. ఫార్ములా ఇ అంటారు దాన్ని. ఆ పందెంలో పోర్షే కంపెనీ కారు నడిపినవాళ్ళలో పాస్కల్ వెర్లైన్ అని ఒక జర్మన్ యువకుడున్నాడు. ఇతగాడు 2015లో జర్మనీ టూరింగ్ కార్ల ఛాంపియన్. పందెం చూసొచ్చిన మిత్రుడొకడికి ఈ సంగతి చెప్పి, "ఆ టూరింగ్ కార్ల పందాల్లో అసలు మహారాజు వేరే ఉన్నాడోయ్, క్లౌస్ లుడ్విగ్ అని" అంటూ నాకు తెలిసిన నాలుగు ముక్కలూ మహా ఉత్సాహంగా వినిపించాను. మావాడు ఓపిగ్గా అంతా విన్నాడు. విని, టీ గ్లాసు కింద పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "అంత గొప్పవాడైతే మరి ఫార్ములా వన్‌కి ఎందుకు వెళ్ళలేకపోయాడూ?"

ఆ 'లేకపోయాడు' అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఈ వ్యాసం ఆ పేచీ కోసమే.

ముందుగా ఈ పందాల సంగతి తెలియని సోదరీసోదరుల కోసం కొంచెం చెప్పాలి. తెలిసినవారు మన్నించాలి. ఫార్ములా వన్ కారు పుట్టిందే పందెం కోసం. చక్రాలు బయటికి కనబడుతూ ఉంటాయి. ఒక్కడే కూర్చోగలడు. గంటన్నర, మహా అయితే రెండు గంటల్లో వ్యవహారం తేలిపోతుంది. టూరింగ్ కారు అలా కాదు. డాక్టరుగారి వాకిట్లోనో వకీలుగారి షెడ్డులోనో కనబడే మామూలు కారునే తీసుకుని, లోపలి సీట్లూ హంగులూ పీకేసి, ఇనపగొట్టాలతో పంజరం బిగించి, ఇంజనుకు పదును పెట్టి పందెంలోకి దింపుతారు. చూసేవాడికి అదేదో తన వీధిలో తిరిగే కారే అనిపించాలి. అందులోనే ఉంది మజా అంతా. ఇక స్పోర్ట్స్ కార్ల పందాల్లో పెద్దది ఫ్రాన్సులో లెమాన్ పట్టణంలో జరిగేది. అది 24 గంటల పందెం. మధ్యాహ్నం మొదలైతే మర్నాడు మధ్యాహ్నం దాకా కారు ఆగకూడదు. మనిషి అంతసేపు ఆగకుండా ఉండలేడు గనక ఒక కారును ఇద్దరో ముగ్గురో వంతులవారీగా నడుపుతారు.

ఈ 'ఒక కారు, ముగ్గురు మనుషులు' అన్న విషయం కాస్త గుర్తుంచుకోండి. ముందుముందు దీంతో పని పడుతుంది.

లుడ్విగ్ 1949లో బాన్ నగరంలో పుట్టాడు. పశ్చిమ జర్మనీ దేశం ఏర్పడిందీ ఆ ఏడే, అది తన రాజధానిగా ఎంచుకున్నదీ ఆ ఊరే. 1970లలో ఫోర్డు ఎస్కార్ట్ కార్లతో స్వదేశంలో పేరు తెచ్చుకున్నాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఫార్ములా మెట్లు ఎక్కాలని ఆయనా ప్రయత్నించకపోలేదు. 1970ల నడుమ యూరపు ఫార్ములా టూ పందాల్లో దిగి చూశాడు. అచ్చిరాలేదు. చప్పుడు చెయ్యకుండా మళ్ళీ తలుపులున్న కార్ల దగ్గరికి వచ్చేశాడు. మావాడి ప్రశ్నకు ఇక్కడే సమాధానం దొరికిందనుకుంటే ఆయన కథ 1977 నాటికే ముగిసిపోవాలి. నిజానికి అప్పటికింకా మొదలే కాలేదు.

ఆయనకు జర్మన్ జనం పెట్టిన ముద్దుపేరు కోనిగ్ లుడ్విగ్, అనగా లుడ్విగ్ మహారాజు. పూర్వం బవేరియా రాజ్యాన్ని ఆ పేరుగల రాజులు ఏలారు. పేరు కలిసొచ్చింది కాబట్టి పెట్టిన చమత్కారమే గాని, కేవలం చమత్కారమే అయితే పాతికేళ్ళు నిలవదు గదా.

1979లో ఆయన తొలిసారి లెమాన్ గెలిచాడు. కారు పోర్షే 935, కొలోన్ నగరంలో క్రెమెర్ సోదరులు తమ షెడ్డులో తీర్చిదిద్దిన రకం. కూడా నడిపినవాళ్ళు అమెరికా నుంచి వచ్చిన అన్నదమ్ములు డాన్, బిల్ విట్టింగ్టన్. ఈ అన్నదమ్ముల గురించి పందాలవాళ్ళు ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. పందెం మొదట్లో కారు నేనే నడుపుతాను అన్నాడట డాన్. కుదరదు, లుడ్విగ్ మొదలెడతాడు అన్నారట క్రెమెర్లు. "ఇంతకీ కారు ఖరీదెంత?" అని అడిగి, అక్కడికక్కడే డబ్బిచ్చి కారు కొనేసి, "ఇప్పుడు నా కారు, నేనే మొదలెడతాను" అన్నాడట! ఎంత నిజమో గాని మన జమీందార్ల కథల్లా వినడానికి బాగుంటుంది. ఆ ఏడు వాన దంచికొట్టింది. ఆ వానలో, ఆ చీకట్లో ఎక్కువ భారం మోసింది లుడ్విగ్. ఆదివారంనాడు డాన్ నడుపుతుండగా ఇంజనుకు పెట్రోలు అందించే యంత్రం తాలూకు బెల్టు తెగి కారు దారిలో ఆగిపోయింది. డ్రైవరు తప్ప మరెవరూ చెయ్యి వెయ్యరాదన్నది నియమం. అతనే తంటాలుపడి ఏదో అమర్చి ఎలాగో తిరిగి తీసుకొచ్చాడు. అయినా గెలిచారు. రెండో స్థానంలో వచ్చిన కారులో ఉన్న ముగ్గురిలో ఒకడెవరనుకున్నారు? హాలీవుడ్ సినిమా నటుడు పాల్ న్యూమన్!

నాకు నచ్చేది ఇదే. కారు కొన్నవాడు ఒకడు, వానలో ఎక్కువ నడిపినవాడు ఒకడు, ఆగిపోయిన కారును రోడ్డు పక్కన బాగు చేసుకొచ్చినవాడు ఒకడు. గెలిచినవారి పలకమీద మాత్రం ముగ్గురి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. ఎవడిది ఎన్ని వంతులు అన్న లెక్క అక్కడ వెయ్యరు. వేస్తే పందెమే సాగదు.

1984లో రెండోసారి గెలిచాడు. యోస్ట్ అనే ఆయన సొంత జట్టు, పోర్షే 956 కారు, జోడీ ఫ్రెంచి యోధుడు ఆన్రీ పెస్కరోలో. ఇద్దరే నడిపారు. పెట్రోలు నియమాల తగాదాలో అలిగి పోర్షే కంపెనీ ఆ ఏడు తన సొంత కార్లను పందేనికి పంపలేదు. దాంతో గిట్టనివాళ్ళు 'పిల్లి లేని ఇంట్లో ఎలుకల రాజ్యం' అన్నారు. సరే, ఒప్పుకుందాం. మరుసటేడు 1985లో కంపెనీవారి కార్లు వచ్చాయి. యోస్ట్ అదే కారును, ముందటేడు గెలిచిన ఆ పాత కారునే మళ్ళీ దింపాడు. మళ్ళీ అదే గెలిచింది!

ఇది ఎలా సాధ్యమైందో చెప్పుకోవాలి, ఎందుకంటే లుడ్విగ్ విద్య అంతా ఇందులోనే ఉంది. ఆ రోజుల్లో ఈ తరగతి కార్లకు పెట్రోలు రేషను ఉండేది. 1985లో 24 గంటలకూ కలిపి 2210 లీటర్లు. అంతకుముందు ఉన్నదానికంటే బాగా కోత పెట్టారు. అది అయిపోతే అక్కడితో సరి. గెలిచిన కారు ఆ పెట్రోలుతో అయిదువేల కిలోమీటర్లు దాటి తిరిగింది. అంటే లీటరుకు రెండు కిలోమీటర్ల చిల్లర. మన స్కూటర్లతో పోలిస్తే దుబారాయే గాని, ఆ వేగానికి అది మహా పొదుపు. పందెం తొలిభాగంలో లుడ్విగ్, ఇంగ్లండు జట్టుకు చెందిన జోనథన్ పామర్ ఒక ఒప్పందానికి వచ్చినట్టు ఒకరి వెనక ఒకరు పోతూ, కాసేపటికి స్థానాలు మార్చుకుంటూ నడిపారు. ముందు పోయే కారు గాలిని చీలుస్తుంది. దాని తోక పట్టుకుని పోయే కారుకు గాలి దెబ్బ తగ్గి పెట్రోలు మిగులుతుంది. సాయంత్రం పూట కొంగలు బారుకట్టి ఎగురుతూ, ముందున్నది అలిసిపోతే వెనక్కి రావడం మనం చూడలేదూ? సరిగ్గా అలాగే. ఇద్దరూ శత్రువులే, ఇద్దరూ గెలవాలని వచ్చినవాళ్ళే. అయినా ఒకరికొకరు గాలిని అడ్డుకుని సాయపడ్డారు. చివరికి లుడ్విగ్ కారు మొదటిది, పామర్ కారు రెండోది. బలమైన కంపెనీ కార్లు ఆ వెనక.

వేగంగా పోవడం ఒక విద్య. ఎంత వేగంగా పోకూడదో తెలియడం మరో విద్య. రెండోది టీవీలో కనబడదు.

ఆ 1985 జట్టులో ముగ్గురున్నారు. రెండోవాడు పాఓలో బరిల్లా, ఇటలీలో సేమ్యాల వంటి పాస్తాలు చేసే పెద్ద కంపెనీ వారబ్బాయి. మూడోవాడు 'జాన్ వింటర్'. ఇది దొంగపేరు. అసలు పేరు లూయీ క్రాగెస్, బ్రెమెన్ నగరంలో కలప వ్యాపారి. కార్ల పందాలు ఆడుతున్నట్టు ఇంట్లో అమ్మకు తెలిస్తే ఊరుకోదని పేరు మార్చుకుని ఆడేవాడు! లెమాన్ గెలిచాక పత్రికల్లో ఫోటో పడేసరికి గుట్టు రట్టయింది. ఆయన ఆ పందెంలో కారు నడిపింది కొద్దిసేపే. ఎక్కువ భాగం లుడ్విగ్, బరిల్లాలదే. అయినా విజేతల జాబితాలో ముగ్గురూ సమానమే. దీనిమీద లుడ్విగ్ ఎక్కడైనా సణిగినట్టు నేను చదవలేదు. నూటికి ఒక్క మార్కు తేడా వస్తే స్నేహాలు చెడగొట్టుకునే మనకు ఇది కొంచెం వింతగానే ఉంటుంది.

సరే, కీర్తిని పంచుకోవడం సులువే అనుకుందాం. పంచుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి. మరి తప్పును పంచుకోవలసి వస్తే? నా దృష్టిలో ఈయన జీవితంలో అసలైన ఘట్టం 1987. గెలిచిన ఏళ్ళకంటే ఓడిన ఈ ఏడాది గురించే నాకు ఎక్కువ చెప్పాలనుంది.

ఆ ఏడు టూరింగ్ కార్లకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టారు. స్విస్ దేశస్థుడు రూడీ ఎగెన్‌బెర్గర్ నడిపే జట్టు ఫోర్డు సియెర్రా కార్లను దింపింది. ఒక కారులో లుడ్విగ్, ఆయన జోడీ క్లౌస్ నీడ్జ్‌వీడ్జ్. రెండో కారులో స్టీవ్ సోపర్, పియర్ డ్యూడొన్నె. ఎదుటిపక్షం బి.ఎం.డబ్ల్యు.వారి ఎం3 కార్లు. అందులో ముఖ్యుడు ఇటలీవాడు రాబర్టో రవాల్యా. మొదటి పందెం ఇటలీలో మొంజాలో జరిగింది. అక్కడ ముందు వరుసలో వచ్చిన ఎం3లన్నింటినీ, రేకు నియమానికి మించి పలచగా ఉందని కొట్టేశారు. ఏడోదిగా వచ్చిన హోల్డెన్ కారు మొదటిదైంది. అంటే ఆ ఏడాది నియమాల కత్తి ముందు బి.ఎం.డబ్ల్యు. మెడమీదే పడింది. ఇది గుర్తుపెట్టుకోవాలి.

అక్టోబరులో ఆస్ట్రేలియాకు వెళ్ళారు. బాథర్స్ట్ పట్టణం పక్కన ఒక కొండ ఉంది. కొండ ఎక్కి దిగే మామూలు రోడ్డే పందెపు దారి. అక్కడ వెయ్యి కిలోమీటర్ల పందెం. రెండు సియెర్రాలూ అందరినీ వెనకేశాయి. సోపర్ జంట మొదటిది, లుడ్విగ్ జంట రెండోది. ఆస్ట్రేలియావాళ్ళు ఫిర్యాదు చేశారు. ఈ కార్లకు ముందు చక్రాల మీది రేకు తొడుగును నియమానికి విరుద్ధంగా మార్చారు, దాంతో పెద్ద టైర్లు పట్టాయి అని. విచారణ నెలల తరబడి సాగి, చివరికి రెండు కార్లనూ జాబితాలోంచి తీసేశారు. మూడోదిగా వచ్చిన పీటర్ బ్రాక్ జట్టు కారు గెలిచినట్టయింది.

ఛాంపియన్‌షిప్ లెక్క తేలేసరికి రవాల్యాకు 269 పాయింట్లు. లుడ్విగ్, నీడ్జ్‌వీడ్జ్‌లకు చెరి 268.

ఒక్క పాయింటు! బాథర్స్ట్ రెండో స్థానం నిలిచి ఉంటే ఇద్దరూ ప్రపంచ ఛాంపియన్లు. ఒక్క మార్కుతో ఫస్టు క్లాసు పోగొట్టుకున్నవాళ్ళు మన కాలేజీలో ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. ఈ బాధ ఏమిటో వాళ్ళని అడిగితే చెబుతారు.

ఇక్కడ నా మిత్రుల్లో రెండు పక్షాలున్నాయి. "తొడుగు కోసింది మెకానిక్కులు, చెప్పింది జట్టు యజమాని, నడిపినవాడు ఏం పాపం చేశాడు? స్టీరింగు పట్టుకున్నవాడు రేకు కొలతలు చూసుకుంటాడా?" అని ఒక పక్షం. నేను ఆ పక్షం కాదు. కఠినంగా అనిపించవచ్చు గాని, ఆ శిక్ష న్యాయమే అంటాను. ఎందుకంటే ఆ పెద్ద టైరు వల్ల మలుపులో దొరికిన పట్టు లుడ్విగ్ అనుభవించాడు. ఆ పట్టు వల్ల మిగిలిన క్షణాలు ఆయన ఖాతాలోనే పడ్డాయి. 1979లో క్రెమెర్లు అద్భుతంగా చేసిన కారు ఘనతలో భాగం తీసుకున్నవాడు 1987లో ఎగెన్‌బెర్గర్ కారు తప్పులో భాగం తీసుకోవద్దా? 'నా పుణ్యం నాది, నీ పాపం నీది' అంటే కుదరదు. మొంజాలో రవాల్యాకూ అదే జరిగింది. అతనూ రేకు పలచన చెయ్యలేదు గదా! ఇద్దరికీ ఒకే తూకం వేశారు. ఇద్దరిలో ఒకడికి ఒక్క పాయింటు ఎక్కువ వచ్చింది, అంతే.

ఫార్ములా వన్‌లో కూడా కారు తప్పుకు డ్రైవరు శిక్ష అనుభవించడం ఉందనుకోండి. కాని అక్కడ గెలుపు ఒక్కడిదే అన్న భ్రమ నడుస్తుంది. ఇక్కడ ఆ భ్రమకు చోటు లేదు. లుడ్విగ్‌తో పాటు నీడ్జ్‌వీడ్జ్ కూడా అదే 268 దగ్గర ఆగిపోయాడు. ఓటమి కూడా జంటగానే వచ్చింది.

1988లో లుడ్విగ్ ఏం చేశాడయ్యా అంటే, అదే రకం ఫోర్డు సియెర్రా ఎక్కి జర్మనీ టూరింగ్ కార్ల ఛాంపియన్‌షిప్ గెలుచుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో డి.టి.ఎం. అంటారు దాన్ని. ఆ ఏడు రెండోవాడు మెర్సిడెస్ నడిపిన రోలాండ్ ఆష్. మరుసటేడు లుడ్విగ్‌నే మెర్సిడెస్‌వారు తీసుకెళ్ళారు. వాళ్ళ కార్లతో 1992లో, 1994లో మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. డి.టి.ఎం.లో ఆయన గెలిచిన పందాలు ముప్పై దాటాయి.

ఈ డి.టి.ఎం.లో ఆ రోజుల్లో ఒక తమాషా నియమం ఉండేది. గెలిచినవాడి కారులో వచ్చే పందేనికి అదనంగా బరువు పెడతారు. మళ్ళీ గెలిస్తే ఇంకొంచెం. క్లాసులో ఫస్టు వచ్చిన కుర్రాడి జేబుల్లో రాళ్ళు పోసి 'ఇప్పుడు పరుగెత్తు' అన్నట్టు. పోటీ రక్తికట్టాలని చేసిన ఏర్పాటు. ఇది అన్యాయం అని నాకు మొదట కోపం వచ్చేది. తరవాత ఆలోచిస్తే, ఈ నియమం కింద ఛాంపియన్ కావాలంటే ప్రతి ఆదివారం గెలవడం ఒక్కటే చాలదు. బరువు మోస్తున్నప్పుడు నాలుగో స్థానాన్నో అయిదో స్థానాన్నో మూతి ముడుచుకోకుండా తీసుకోవడం రావాలి. మొదటి స్థానం తప్ప మరేదీ వద్దనేవాడు ఇక్కడ నెగ్గలేడు. లుడ్విగ్‌కు ఆ ఓపిక ఉంది. అంతకుముందే 1981లో జర్మనీ రేసింగ్ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు కూడా ఆయన పెద్ద కారులో లేడు. జాక్‌స్పీడ్ జట్టువారి ఫోర్డు కాప్రి, 1427 సి.సి. బుల్లి ఇంజను, దానికో టర్బో. టర్బో ఉన్న ఇంజను కొలతను 1.4తో హెచ్చవేయాలని రూలు. హెచ్చవేస్తే రెండు లీటర్లకు జానెడు కింద ఆగుతుంది. చిన్న కార్ల తరగతిలో కూర్చుని, ఆ తరగతిలో గెలిచిన పాయింట్లతో మొత్తం పట్టిక మీద మొదటివాడయ్యాడు. లెక్కలు బాగా వచ్చినవాడి గెలుపు అది.

1992 ఛాంపియన్‌షిప్ గురించి మాత్రం రెండు మాటలు చెప్పకపోతే నేను పక్షపాతినవుతాను. ముందు రెండేళ్ళూ గెలిచిన ఆడీ కంపెనీ ఆ ఏడు ఇంజను తగాదాలో నడుమనే తప్పుకుంది. మొదటి మూడు స్థానాలూ మెర్సిడెస్ డ్రైవర్లవే. గట్టి శత్రువు లేకుండా గెలిచాడంటే కాదనలేను. కాని అదే ఏడాదిలో మావాడి ప్రశ్నకు తగిన సమాధానం కూడా ఉంది. ఆ ఏడు మెర్సిడెస్ నడిపినవాళ్ళలో కేకే రోస్‌బర్గ్ ఒకడు. 1982 ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్! వయస్సులో లుడ్విగ్‌కంటే ఒక్క ఏడాది కూడా పెద్ద కాదు. ఒకే కంపెనీ కారు, ఒకే దారి, ఒకే బరువుల రూలు. ఏడాది చివర ఛాంపియన్ లుడ్విగ్. రోస్‌బర్గ్ వెనక ఉండిపోయాడు. దీన్నిబట్టి రోస్‌బర్గ్ తక్కువవాడని నేననను. అతను కొత్తగా వచ్చి మరో విద్య నేర్చుకుంటున్నవాడు. వీణ వాయించేవాడి చేతికి మృదంగం ఇచ్చి మార్కులు వేస్తామా? అయితే మృదంగం వాయించేవాడిని 'వీణ ఎందుకు వాయించలేకపోయావు' అని అడగడం కూడా మానుకోవాలి గదా.

ఈ రంగంలో ఆడపిల్లలకు చోటెక్కడ అని అడిగే మా సోదరీమణుల కోసం ఒక చిన్న ముక్క. అదే 1992లో హాకెన్‌హైమ్‌లో ఒక డి.టి.ఎం. పందాన్ని ఎల్లెన్ లోర్ గెలిచింది. ఆమె వెనక రెండోవాడిగా వచ్చినవాడు రోస్‌బర్గే.

1995లో లుడ్విగ్ ఛాంపియన్ హోదాలో ఉండగానే మెర్సిడెస్‌ను వదిలి ఓపెల్ కంపెనీకి మారాడు. ఇది నాకు నచ్చని పని. డబ్బు కోసమో, కొత్తదనం కోసమో నాకు తెలియదు గాని ఆశించిన ఫలితం రాలేదు. అప్పటికి ఆ పందాలు అంతర్జాతీయం అయిపోయి, బ్రెజిల్ దాకా, జపాన్ దాకా పాకాయి. కార్లలో ఎలక్ట్రానిక్సు పెరిగి ఖర్చు కంపెనీలే భరించలేని స్థితికి వచ్చింది. ఓపెల్, ఆల్ఫా రోమియో తప్పుకున్నాయి. 1996తో ఆటే మూతపడింది. వీధిలో తిరిగే కారుతో ఆడే ఆట వీధిలో ఎవరూ ఊహించలేని యంత్రంగా మారితే జరిగేది అదే. ఆ నేరంలో డ్రైవర్లకూ కొంత వాటా ఉంది. పెద్ద జీతాలు వాళ్ళూ తీసుకున్నారు, మన రాజుగారితో సహా.

తిరిగి మెర్సిడెస్‌కే వచ్చి 1998లో ఎఫ్.ఐ.ఏ. జి.టి. ఛాంపియన్‌షిప్ గెలిచాడు. జోడీ బ్రెజిల్ కుర్రాడు రికార్డో జోంటా. మెర్సిడెస్ కార్ల ముందు ఆ ఏడు ఎవరూ నిలవలేదు. కాబట్టి అసలు పోటీ పక్క షెడ్డులోని సొంత జట్టువాళ్ళతోనే. వాళ్ళు బెర్న్‌డ్ ష్నైడర్, మార్క్ వెబ్బర్. జోంటా మరుసటేడే ఫార్ములా వన్‌కు వెళ్ళాడు. వెబ్బర్ 2002లో వెళ్ళి, తరవాత అక్కడ పందాలు కూడా గెలిచాడు. లుడ్విగ్ వయస్సు 1998లో 49. ఇరవై రెండేళ్ళ కుర్రాడితో ఒకే కారు, ఒకే సీటు పంచుకున్నాడు. కుర్రాడు పైకి వెళ్ళాడు, పెద్దాయన ఇంటికి వెళ్ళాడు. ఇక చాలు అని ప్రకటించాడు.

చాలు అన్నవాడు ఊరుకుంటే బాగుండేది కాబోలు అనుకునేవాణ్ణి. 1999లో నూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల పందేనికి మళ్ళీ వచ్చాడు. అడవిలో, కొండల్లో ఇరవై కిలోమీటర్లు దాటి మెలికలు తిరిగే దారి అది. వందకు మించిన కార్లు, చిన్నవీ పెద్దవీ, మంచి డ్రైవర్లూ వారాంతపు సరదా డ్రైవర్లూ ఒకేసారి దాని మీద తిరుగుతుంటాయి. అక్కడ 1982లోనూ 1987లోనూ గెలిచి ఉన్నాడు. 1999లో మూడోసారి గెలిచాడు. 2000లో డి.టి.ఎం.ను కొత్తగా మొదలుపెడితే అందులోనూ దిగాడు. యాభై ఏళ్ళ వయస్సులో జాక్సెన్‌రింగ్‌లో గెలిచి, ఏడాది చివర పట్టికలో మూడోవాడుగా నిలిచాడు. ఈసారి నిజంగానే మానేశాడు. యాభై ఏళ్ళవాడు ఇంకా సీటు పట్టుకుని వేలాడితే కుర్రాళ్ళకు చోటెప్పుడు అని కొందరన్నారు. న్యాయమైన మాటే. గెలుస్తున్నంతకాలం మాత్రం ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

నా మిత్రుడికి ఈ వ్యాసం చేతిరాత ప్రతి ముందే ఇచ్చాను. చదివి, "అంతా బాగానే ఉంది గాని, షుమాకర్ వెళ్ళాడు, బెల్లోఫ్ వెళ్ళాడు. మొనగాళ్ళంతా వెళ్ళారు గదా" అన్నాడు. మైకేల్ షుమాకర్ మెర్సిడెస్ స్పోర్ట్స్ కార్ల నుంచే ఫార్ములా వన్‌కు వెళ్ళాడు, నిజం. స్టెఫాన్ బెల్లోఫ్ ఫార్ములా వన్‌లో ఉంటూనే 1984లో స్పోర్ట్స్ కార్ల ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, అదీ నిజం. 1985 సెప్టెంబరు 1న స్పా పందెంలో, ఎవరూ దాటడానికి సాహసించని మలుపులో జాకీ ఇక్స్ కారును దాటబోయి కన్నుమూశాడు. 27 ఏళ్ళు. ఆ కుర్రాడు లుడ్విగ్‌కంటే వేగవంతుడని ఎవరైనా అంటే నేను వాదించను. ఆ మలుపు దగ్గర లుడ్విగ్ ఏం చేసి ఉండేవాడో మాత్రం నాకు తెలుసుననుకుంటాను. ఆగి, తరవాతి తిన్నటి రోడ్డు కోసం చూసేవాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే మావాడు ఒకటంటాడు, నేనొకటంటాను. మా తగువు ఇంకా తెగలేదు.

ఇంకో సంగతి. 1988లో లుడ్విగ్ చేతిలో ఓడి రెండోవాడైన రోలాండ్ ఆష్ అన్నాను గదా. ఆయన కొడుకు సెబాస్టియన్ ఆష్, లుడ్విగ్ కొడుకు లూకా లుడ్విగ్, ఇద్దరూ డ్రైవర్లే అయ్యారు. 2015లో ఇద్దరూ ఒకే మెర్సిడెస్ కారును వంతులవారీగా నడిపి జర్మనీలో ఎ.డి.ఎ.సి. జి.టి. మాస్టర్స్ ఛాంపియన్లయ్యారు. వాళ్ళ జట్టు పేరు జాక్‌స్పీడ్.